కూలర్ గదిలో కందీసా

మొన్న ఎండలు ముదిరాక మా ఆవిడ మంచినీళ్ళ కుండలో వట్టివేళ్ళు వేసింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఆ వాసన వెంట ఒక గిటారు మోత కూడా లోపలికొచ్చింది. తాగడం ఆపేసి అలాగే నిలబడిపోయానట. "ఏటైంది?" అంది. ఏం చెప్పను? వట్టివేళ్ళంటే ఎవరికైనా అమ్మమ్మగారిల్లో వేసవి సెలవులో గుర్తుకు రావాలి. నాకు ఢిల్లీలో ఒక హాస్టల్ గది గుర్తొస్తుంది. కిటికీకి తగిలించిన తుప్పు కూలరు, దాని తడికల్లో తడిసిన వట్టివేళ్ళు, బల్ల మీద టేప్‌రికార్డరు, అందులో తిరుగుతూ 'కందీసా' అనే క్యాసెట్టు.

ఇండియన్ ఓషన్ అని ఢిల్లీ రాక్ బృందం ఒకటుంది. వాళ్ళ రెండో స్టూడియో ఆల్బమ్ అది. 2000లో టైమ్స్ మ్యూజిక్ తెచ్చింది. మొదటిది 1993లో హెచ్‌ఎంవీ తెచ్చింది. మధ్యలో 'డెజర్ట్ రెయిన్' అని ఒకటి వచ్చింది కానీ అది 1997లో వీధి నాటకాల కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మారక సభలో వాళ్ళు పాడుతుండగా రికార్డు చేసినది. లెక్కకు 'కందీసా' మూడోదే. స్టూడియోలో కూర్చుని చేసినవాటిలో మాత్రం రెండోది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన రెండోది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, ఏడేళ్ళలో వాళ్ళు ఫోన్లే నాలుగు మార్చేస్తారు.

~

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార ఒడ్డున ఒక ఊరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఎంట్రన్స్ రాస్తే జేఎన్‌యూలో ఎం.ఏ. సీటొచ్చింది. ఆముదాలవలసలో రైలెక్కించడానికి మా వీధి వీధంతా వచ్చింది. సంచిలో ఆవకాయ జాడీ, నువ్వులుండల డబ్బా, మా నాన్న ఎవరినో అడిగి రాయించుకొచ్చిన 'అక్కడ చూడవలసినవారు' జాబితా. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు ఒక్కరూ నాకు కనపడలేదనుకోండి.

నాకొచ్చిన హిందీ అంతా ఆదివారం పొద్దున్న సీరియళ్ళలో నేర్చుకున్నది. ఆ దేవతల భాషలో బస్సు కండక్టర్ని టికెట్ అడిగితే బస్సంతా నవ్వింది. అది 615 నంబరు బస్సు. క్యాంపస్ నుంచి ఊళ్ళోకి పోవాలంటే మాకు అదే దిక్కు. ఆ తర్వాత చాలాకాలం చేతిలో చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుని, నోరు తెరవకుండా, దిగాల్సిన చోటు పేరు ఒక్కటే చెప్పి టికెట్ తీసుకునేవాణ్ణి. మునీర్కాలో కిరాణా కొట్టుకు వెళ్తే వేలితో చూపించేవాణ్ణి. కందిపప్పుకు 'అరహర్' అనాలని తెలిసేదాకా గదిలో పెసరపప్పే వండుకున్నాం.

హాస్టళ్ళన్నింటికీ నదుల పేర్లు. గోదావరి అన్న బోర్డు చూసి, మన నదే కదా అని సూట్‌కేసు ఈడ్చుకుంటూ సంబరంగా వెళ్తే, వాచ్‌మన్ చెయ్యి అడ్డుపెట్టాడు. అది ఆడపిల్లల హాస్టలు. ఈ కథ నేను చెప్పకముందే మా తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సీనియర్ ఉండేవాడు, మేమందరం 'అన్నా' అనేవాళ్ళం. ఆయన నన్ను చూసినప్పుడల్లా "ఏమ్రా, గోదావరి దాటినవా?" అని అడిగేవాడు.

నా రూమ్‌మేట్‌ది బీహార్‌లో ఆరా. ఎదురు గదిలో కొట్టాయం నుంచి వచ్చిన ఒక బక్కపలచటి కుర్రాడు. ఆరావాడి హిందీ నాకు అర్థమయ్యేది కాదు, నా ఇంగ్లీషు వాడికి అర్థమయ్యేది కాదు. కొట్టాయంవాడు ఇద్దరికీ మధ్యన నిలబడి, రెండూ సగం సగం వచ్చినవాడు కాబట్టి, ఇద్దర్నీ కంగారు పెట్టేవాడు. మొదటి కొన్ని నెలలు మా స్నేహమంతా టీ, బీడీ, చేతి సైగలతోనే నడిచింది.

~

ఆ క్యాసెట్టు తెచ్చింది ఆరావాడు. వాడికి రాక్ సంగీతమంటే పడదు. డబ్బున్నవాళ్ళ పిల్లలు చేసే గోల అని వాడి గట్టి అభిప్రాయం. అయినా పనిగట్టుకుని కన్నాట్ ప్లేస్‌లో, భూమి కింద ఉండే పాలికా బజార్‌కు పోయి కొనుక్కొచ్చాడు. కోపంతో కొన్నాడు. ఎవరో గంగా ఢాబా దగ్గర వాడితో అన్నారట, 'గోరఖ్ పాండే పాటను రాక్ బ్యాండు వాళ్ళు పాడారు' అని.

గోరఖ్ పాండే పేరు మా క్యాంపస్‌లో తెలియనివాళ్ళు లేరు. భోజ్‌పురిలో, హిందీలో రాసిన నక్సల్‌బరీ కవి. జేఎన్‌యూలోనే పరిశోధన చేస్తూ 1989లో అక్కడే చనిపోయాడు. నేను వెళ్ళేసరికి దశాబ్దం దాటింది కానీ, సీనియర్లు నిన్నో మొన్నో ఆయనతో టీ తాగినట్టే మాట్లాడేవాళ్ళు. ఆరావాళ్ళకైతే ఆయన పాటలు పొలాల్లో, ఊరేగింపుల్లో పాడుకునేవి. వాటిని గిటార్ల పాలు చేశారంటే వాడికి మండిపోయింది. "ఏం చేశారో వింటాను, తర్వాత చెప్తాను వాళ్ళ సంగతి" అన్నాడు. ఆ వాక్యం నాకు పూర్తిగా అర్థమైంది. కోపంలో ఉన్నవాడి హిందీ తేలిక.

'హిల్లే లే' పెట్టాడు. చేతులు కట్టుకుని, గోడకు ఆనుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ మాదిరి నిలబడ్డాడు. బేస్ గిటారు కింద నుంచి తోసుకుంటూ వచ్చింది, దాని మీద తబలా పడింది, ఆపైన గొంతులన్నీ కలిపి ఒక్క కేక. ప్రజల పటాలం కదిలి వస్తుంటే లోకం ఊగిపోతోందని పాట. అరిచేవాళ్ళు నిజంగానే అరుస్తున్నారు. పాట అయిపోయింది. ఆరావాడు ఏమీ అనలేదు. వెళ్ళి రివైండ్ నొక్కాడు. మళ్ళీ విన్నాడు. మూడోసారి పెట్టినప్పుడు చేతులు విప్పాడు.

ఆ శబ్దానికి కరీంనగర్ అన్న మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇదేందిరా, డప్పు లేకుండనే జననాట్యమండలి విన్నట్టున్నది" అన్నాడు. ఆయనకూ భోజ్‌పురి రాదు. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు విన్న పాటల్లోని ఊపు మాత్రం పోల్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన తన పాటలు, ఆరావాడు వాడి పాటలు పోటాపోటీగా పాడుకున్నారు. నాకు గొంతు లేదు. బకెట్ బోర్లించి దరువేశాను.

క్యాసెట్టు రెండో వైపు తిప్పడం ఆ రోజు అసలు కుదర్లేదు.

~

'కందీసా' పాట విన్నది మరో రోజు, మధ్యాహ్నం. అందరం మెస్‌లో రాజ్మా తిని మత్తుగా పడి ఉన్నాం. గిటారు నెమ్మదిగా మొదలైంది. తర్వాత గొంతు. తబలా వాయించే అశీమ్ చక్రవర్తి గొంతని తర్వాత తెలిసింది. పైకి, ఇంకా పైకి, ఎక్కడా చిరగకుండా వెళ్ళే గొంతు. మాటలు ఏ భాషో పోల్చుకోలేకపోయాను. హిందీ అయి ఉంటుంది, నాకే తెలియడం లేదనుకుని ఊరుకున్నాను. ఢిల్లీలో నాకు అప్పటికి అది అలవాటైపోయింది, అర్థం కానిదల్లా హిందీయే అనుకోవడం.

కాసేపటికి ఆరావాడు తల ఎత్తి, "యే క్యా భాషా హై?" అన్నాడు.

ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తే. వాడికీ తెలియదు! ఢిల్లీకి వచ్చాక నాతో పాటు ఒక ఉత్తరాదివాడు కూడా ఏమీ అర్థం కాకుండా కూర్చోవడం అదే మొదలు. లేచి కూర్చుని చాలా పెద్దమనిషి తరహాలో, "సంస్కృతమేమో" అన్నాను.

అప్పుడు వచ్చాడు కొట్టాయంవాడు. నోట్లో టూత్‌బ్రష్షు. వాడు ఏ వేళకు పళ్ళు తోముకుంటాడో దేవుడికే తెలియాలి. గుమ్మంలో నిలబడి, నురగ మింగేసి, "ఇది మా చర్చి పాట" అన్నాడు. మేం నమ్మలేదు. వాడు టేప్ ఆపి, కళ్ళు మూసుకుని, గిటారూ తబలా లేకుండా, సన్నటి గొంతుతో అదే పాడాడు. ఏసుక్రీస్తు మాట్లాడిన అరామిక్ భాష తాలూకు పాట అని, కేరళలో సిరియన్ క్రైస్తవులు ఎప్పటినుంచో ప్రార్థనలో పాడుకుంటున్నారని చెప్పాడు. సెయింట్ థామస్ సా.శ. 52లో ఓడ దిగి తమ తీరానికి వచ్చాడని వాళ్ళ నమ్మకం. ఆ లెక్కన మాకు తెలిసిన పాటలన్నింటికంటే తమ పాటే పాతదని కూడా అన్నాడు. "మరి దీనికి అర్థం ఏమిటి?" అని అడిగితే, "దేవుడు పరిశుద్ధుడు అని. ఆ పై మాటలు మా అమ్మమ్మకే సరిగ్గా తెలియవు. అయినా ఏడుస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత మా గదిలో ఆ పాటకు ఒక హోదా వచ్చింది. అది నడుస్తున్నంతసేపూ ఎవరూ ఎవరికీ తర్జుమా చేసి పెట్టక్కర్లేదు. 'నీకు ఇది కూడా తెలియదా' అనేవాడు లేడు. మిగతా రోజంతా నేను భాష రానివాణ్ణి. ఆ కొద్ది నిమిషాలు అందరం రానివాళ్ళమే. నాకు ఆ ఆల్బమ్ మీద ప్రేమ పుట్టింది అక్కడే. గొప్ప సంగీతమని, ఫ్యూజన్ అని, ఇంకోటని తర్వాత చాలామంది రాస్తే చదివాను. నాకు మాత్రం ఊపిరాడిన చోటు అది.

~

కూలర్ సంగతి చెప్పాలి. ఊరెళ్ళిపోతూ ఒక సీనియర్ వదిలేసిన కూలరది. మేం దానికి వట్టివేళ్ళ తడికలు వేయించాం. మూడు బకెట్ల నీళ్ళు పడితే రాత్రి గడిచేది. తడి వట్టివేళ్ళ మీదుగా గాలి వచ్చి మొహానికి తగిలితే, మే నెలలో ఢిల్లీ కూడా మంచి ఊరే అనిపించేది. దానితో ఒకటే చిక్కు. అది తిరిగితే రైలింజను పక్కన కూర్చున్నట్టే. కూలరు వేస్తే పాట వినపడదు. పాట వినాలంటే కూలరు కట్టేయాలి.

అందుకని పెద్ద చర్చ జరిగి ఒక ఒప్పందానికి వచ్చాం. 'కౌన్', 'క్యా మాలూమ్' వస్తుంటే కూలరు తిరగొచ్చు, గొంతు ఎలాగోలా వినపడుతుంది. 'ఖజురహో'కు సగం స్పీడు. 'లీవింగ్ హోమ్' వచ్చినప్పుడు కట్టేయాలి, ఎందుకంటే అందులో గిటారే మాట్లాడుతుంది. 'కందీసా'కు కట్టేసి తీరాలి. మొత్తం ఏడే పాటలు. ఒక్కోటి మన సినిమా పాట కంటే పొడవు. చెమటలు కారుతూ, చొక్కాలు విప్పేసి, ఫ్యాను కింద చాపల మీద పడుకుని వినేవాళ్ళం. పాట అయ్యాక ఎవడో ఒకడు లేచి కూలర్ స్విచ్ వేసేవాడు. వట్టివేళ్ళ వాసన గుప్పుమని వచ్చేది. అందుకేనేమో ఆ వాసన, ఆ పాట చివరి మోత నాలో విడదీయరాకుండా అతుక్కుపోయాయి.

కరెంటు పోతే టేప్‌రికార్డర్‌కు సెల్స్ వేసేవాళ్ళం. సెల్స్ నీరసిస్తే పాట కూడా నీరసించేది. అశీమ్ గొంతు మెల్లగా బరువెక్కి, బొంగురుపోయి, ఆఖరికి ఎవరో ముసలాయన నిద్రలో గొణిగినట్టు ఆగిపోయేది. ఆరావాడు సెల్స్ తీసి కిటికీ అంచున ఎండలో పెట్టేవాడు. సాయంత్రానికి ఇంకో పాట వచ్చేది వాటిలోంచి.

~

క్యాసెట్టు లోపలి కాగితం మడతలు చిరిగేదాకా చదివాం. ఆ కాగితంలో లేనివి ఢాబా దగ్గర తెలిసేవి. సుస్మిత్ సేన్ గిటారు, అశీమ్ తబలా, ఇద్దరూ 1984 నుంచి కలిసి వాయిస్తున్నారు. 1990లో బృందానికి ఆ పేరు పెట్టింది సుస్మిత్ వాళ్ళ నాన్నగారట. తర్వాత రాహుల్ రామ్ బేస్ గిటార్‌తో వచ్చాడు. 1994లో అమిత్ కిలమ్ డ్రమ్స్‌కు చేరాడు.

మా అందరికీ వింతైనవాడు రాహుల్ రామ్. ఐఐటీ కాన్పూర్, ఆపైన అమెరికాలో కార్నెల్‌లో పీహెచ్‌డీ. తిరిగొచ్చి, నర్మద మీద పెద్ద డ్యామ్‌లు వద్దని పోరాడే నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. ఆ పక్కనే బ్యాండు. రాత్రి పదకొండు దాటాక ఎస్టీడీ రేటు తగ్గేది కాబట్టి అప్పుడు బూత్ ముందు వరుసలో నిలబడి ఊరికి ఫోన్ చేసేవాళ్ళం. ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే గుండె కూడా వాటితోనే పరిగెత్తేది. ఒకసారి మాటల్లో మా అమ్మకు ఈ రాహుల్ రామ్ సంగతి చెప్పాను. అవతల కాసేపు మౌనం. ఆ మౌనానికి కూడా మీటరు తిరుగుతోంది. "అంత సదువూ సదివి గిటారు వాయించుకుంతన్నాడేటి? ఆల్లమ్మ ఏటనుకుంతాదో పాపం" అంది. తర్వాత చిన్నగా, "నువ్వైతే సదువుకుంతన్నావు కదా?" అని అడిగింది.

2000 అక్టోబర్‌లో, నర్మద మీద కడుతున్న సర్దార్ సరోవర్ డ్యామ్ గురించి సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. డ్యామ్ పని సాగవచ్చన్నారు. క్యాంపస్‌లో పోస్టర్లు, రాత్రి మెస్‌లో సభలు, పొద్దున్నే బస్సుల్లో ఊరేగింపులకు. మేం కూడా వెళ్ళాం. తిరిగొచ్చి ఎవరూ ఏం మాట్లాడకుండా 'మా రేవా' పెట్టుకున్నాం. నర్మదకు ఇంకో పేరు రేవా. ఆ లోయలోని మనుషులు తమ నదిని అమ్మా అని పిలిచి, నీ నీళ్ళు ఎంత తేటవమ్మా అని పాడుకునే పాట. రాహుల్ ఆ లోయలో తిరిగినప్పుడు పట్టుకొచ్చాడు. వింటే పడవ సరంగుల పాటకున్న హుషారు ఉంటుంది, దుఃఖం ఎక్కడా కనపడదు. కాగితం మీద మునిగిపోతాయని రాసేసిన ఊళ్ళ పాట అంత హుషారుగా ఉండటం నాకు అప్పట్లో మింగుడు పడలేదు. ఆరావాడిని అడిగితే, "ఏడుస్తూ పడవ నడపలేం కదా" అన్నాడు.

ఆ పాటలో నన్ను ఇంకొకటి గిలిగింతలు పెట్టేది. గిటారు కాదు, డ్రమ్ కాదు, మధ్యలో ఏదో 'గుంయ్ గుంయ్' మని సాగి ముడుచుకునే మోత. ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో పట్టుకోలేక చెవి దగ్గర టేప్ పెట్టుకుని మరీ వినేవాణ్ణి.

~

పట్టుకున్నది ఒక చలికాలం రాత్రి, దక్షిణ ఢిల్లీలో ఒక కాలేజీ మైదానంలో. ఉత్సవాలకు ఇండియన్ ఓషన్ వస్తోందంటే దుప్పట్లు కప్పుకుని నడిచి వెళ్ళాం. గేటు దగ్గర ఐడీ కార్డులు అడిగారు, గోడ దూకాం. చలికి నోట్లోంచి పొగలు. స్టేజి మీద అశీమ్ బాసింపట్టు వేసుకుని తబలా ముందు కూర్చున్నాడు. అంత పెద్ద గొంతు వచ్చేది ఇంత నెమ్మదస్తుడి దగ్గర్నుంచా అనిపించింది. తబలా వాయిస్తూనే పాడుతున్నాడు. రెండు చేతులు ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో. పక్కన జుట్టు విరబోసుకుని రాహుల్ రామ్, పాటకూ పాటకూ మధ్య కబుర్లు. అతను చెప్పిన జోకుల్లో సగం నాకు అప్పటికి అర్థమవుతున్నాయి. అది నా హిందీకి వచ్చిన మొదటి సర్టిఫికెట్.

'మా రేవా' అంటూనే అమిత్ కిలమ్ డ్రమ్స్ వదిలి ముందుకు వచ్చాడు. చంకలో ఒక చిన్న వాద్యం ఇరికించుకున్నాడు. ఒక చేత్తో తంతిని లాగి పట్టి, రెండో చేత్తో మీటాడు. గుంయ్.

"జముకు!" అని అరిచాను. తెలుగులోనే.

బెంగాల్‌లో బావుల్ గాయకులు వాడే ఆ వాద్యాన్ని గబ్‌గుబీ అంటారని పక్కనవాళ్ళు చెప్పారు. ఏమంటే ఏం, నాకది జముకే. మా వైపు జముకుల కథ వినని పిల్లలుండరు ఒకప్పుడు. గ్రామదేవత పండగకు జముకులవాళ్ళు వచ్చేవారు. ఒకవైపు తోలు బిగించిన గుండ్రటి పాత్ర, ఆ తోలు నడుమ నుంచి ఒక తంతి. కథకుడు కాళ్ళకు గజ్జెలు కట్టి ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే పక్కన వంతలవాళ్ళు అందుకునేవాళ్ళు. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు, గోనె పట్టాల మీద మేము, మధ్యరాత్రికి సగం ఊరు నిద్రపోయినా ఆగని ఆ గుంయ్ గుంయ్. కథలో దుఃఖం వస్తే అదే తంతి ఏడ్చేది, హాస్యం వస్తే అదే వెక్కిరించేది. నేను మా నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతూ విన్నది అది. నిద్రలో విన్నాను కాబట్టే టేపులో పోల్చుకోలేకపోయానేమో.

తిరిగొచ్చేటప్పుడు దారంతా కరీంనగర్ అన్న చెబుతూనే ఉన్నాడు. వాళ్ళవైపు బైండ్లవాళ్ళ దగ్గర ఇదే ఉంటుందట, జమిడిక అంటారట. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే పట్టుకుని ఊరూరా పాడాడనీ, 1969లో ఆయన్ని కాల్చి చంపారనీ మా జిల్లా సంగతి నాకు ఆయనే చెప్పాడు. ఢిల్లీ రింగ్‌రోడ్డు మీద, అర్ధరాత్రి, దుప్పటి కప్పుకుని. ఆరావాడు మధ్యలో ఆపి, ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. గోరఖ్ పాండే పక్కన పెట్టుకోవడానికి అనుకుంటా.

అప్పటిదాకా ఆ క్యాసెట్టులో ఆరావాడికి వాడి పాట ఉంది, కొట్టాయంవాడికి వాడి పాట ఉంది. ఆ రాత్రి నుంచి నాక్కూడా వాటా దొరికింది. దొరికిన మర్నాటి నుంచి గదిలో నా గొంతు కాస్త పెద్దదైందని వాళ్ళిద్దరూ ఏడిపించేవారు.

~

చదువులు అయిపోయాయి. క్యాసెట్టు ఆరావాడే పట్టుకుపోయాడు, కొన్నది వాడే కదా. కొన్నాళ్ళు ఢిల్లీలోనే రాజేంద్రనగర్‌లో ఒక స్నేహితుడి గదిలో ఉండి సివిల్స్‌కు చదివాను. ఆదివారం ఆంధ్రా భవన్‌లో బిర్యానీకి క్యూ, మిగతా రోజులు కరోల్ బాగ్ సందుల్లో చోలే కుల్చే. చదువు అంతంత మాత్రం. విసుగొస్తే సాయంత్రాలు ఆ సందుల వెంట ఊరికే తిరిగేవాణ్ణి.

చాలా ఏళ్ళ తర్వాత, 2010లో, ఇండియన్ ఓషన్ కొత్త ఆల్బమ్ పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. '16/330 ఖజూర్ రోడ్'. కరోల్ బాగ్‌లో వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసిన పాత బంగళా చిరునామా అది. నేను చెప్పులరిగేలా తిరిగిన పేటలోనే ఏదో గోడ వెనక వాళ్ళు వాయించుకుంటూ ఉండేవాళ్ళన్నమాట. ఆ పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. అప్పటికి నేను విశాఖలో ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసు అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి డౌన్‌లోడ్ పెట్టుకునేవాణ్ణి. చుక్కలు చుక్కలుగా దిగేది పాట.

కానీ అవి వచ్చేసరికే అశీమ్ లేడు. 2009 డిసెంబర్ 25న పోయాడు. క్రిస్మస్ రోజు. ఆ వార్త నాకు చెప్పింది కొట్టాయంవాడు, దుబాయ్ నుంచి ఫోన్ చేసి. అప్పటికి ఎన్నేళ్ళైందో మేం మాట్లాడుకుని. చర్చి నుంచి అప్పుడే వచ్చానన్నాడు. ఇంకేం చెప్పలేక, నేను కూడా ఏం అడగలేక, పిల్లల గురించీ షుగర్ గురించీ మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు వాడు కొంచెం తటపటాయించి, "కూలర్ ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు. అది మేమే పాతసామాన్ల వాడికి అమ్మేశాం. వాడు మర్చిపోయాడు.

2013లో సుస్మిత్ కూడా బృందం వదిలేశాడు. కొత్తవాళ్ళొచ్చారు, ఇప్పటికీ పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు. యూట్యూబ్‌లో చూస్తుంటాను. 'కందీసా' ఎత్తుకోగానే కుర్రాళ్ళు ఫోన్ లైట్లు పైకెత్తి ఊపుతున్నారు. మాకు ఆ పాటకు కూలరు కట్టేయడమే తెలుసు.

~

హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయర్ కట్టినప్పుడు మా మేనత్తవాళ్ళ ఊరు ఖాళీ అయింది. ఆ ఊరి జముకు కళాకారుడు ఒకాయన, నా చిన్నప్పుడు మా అమ్మవారి పండక్కి వచ్చినవాళ్ళలో ఉన్నవాడే, ఇప్పుడు పునరావాస కాలనీలో మా మేనత్త ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటున్నాడు. ఈమధ్య వెళ్ళినప్పుడు పనిగట్టుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. కాలనీ ఇళ్ళన్నీ ఒకే తీరు, ఒకే రంగు. అరుగులు లేవు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో గోడ నీడన కూర్చుని ఉన్నాడు. జముకు గోడకు వేలాడుతోంది.

"తాతా, ఒక పాట ఇనిపిస్తాను, ఇంటావా?" అని ఫోన్‌లో 'మా రేవా' పెట్టాను.

చెవి దగ్గరగా పెట్టుకుని విన్నాడు. గుంయ్ మనగానే కళ్ళు తెరిచాడు. "మన జముకే కదేటిది!" అన్నాడు. ఇంకాస్త విన్నాడు. మొహం చిట్లించాడు. "ఎవుడు బాబూ ఈ వాయించినోడు? తంతి ఇంకొంచెం బిగించమను. సాగుతంది గానీ పలకడం లేదు."

ఢిల్లీలో పెద్ద బ్యాండు తాతా, దేశమంతా తెలిసినవాళ్ళు అని చెప్పాను. అయితే ఏటన్నట్టు చూశాడు.

"ఏ బాస ఇది?"

"నర్మద అని ఒక నది ఉంది. ఆ ఒడ్డున ఉండేవాళ్ళ పాట. డ్యాము కడితే ఆళ్ళ ఊర్లు పోనాయి."

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. కాసేపు ఏమీ అనలేదు. నేను ఏదో పెద్ద మాట వస్తుందని ఎదురుచూస్తున్నాను. "ఎంతిత్తారు ఆల్లకి పోగ్రాం కి?" అని అడిగాడు.

నాకు తోచిన అంకె చెప్పాను. నోరు తెరిచి, లోపలున్న కొడుకును కేకేసి పిలిచి, ఆ అంకె మళ్ళీ చెప్పించాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా జముకు గోడ మీద నుంచి దించి, తంతి ఎంత బిగించాలో నాకు నేర్పిస్తూనే ఉన్నాడు. వాళ్ళ నంబరు నా దగ్గర ఉందనే ఆయన నమ్మకం. పై వారం మళ్ళీ ఫోన్ చేయించాడు, "మాటాడినావా ఆల్లతోటి?" అని.